సుబేదార్ మల్లయ్య, గసగసాల పొట్లం

పొద్దున కోడలు బాణలిలో గసగసాలు వేయిస్తోంది. ఆ కమ్మటి వాసన వరండాలోకి రాగానే చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది కూర కాదు, దుబాయ్ రేవులో సుబేదార్ మల్లయ్య.

మల్లయ్య తండ్రి మా గడిలో గుర్రాలకు మాలిష్ చేసేవాడు. గడి వేలమైపోయి నేను దుబాయ్ దారి పట్టేనాటికి, మల్లయ్య మన సైన్యంలో సుబేదారుగా రిటైరై, అక్కడి పోలీసుల్లో నల్లమందు ముఠాలను పట్టే దళానికి నాయకుడయ్యాడు. చిన్నప్పుడు మౌల్వీ నేర్పిన ఉర్దూ, అరబ్బీ పుణ్యమా అని నాకు దొరికింది ఆ దళంలోనే దుబాసీ పని. మొదటిరోజు అతను గదిలోకి రాగానే బలూచీలు, యెమెనీలు అందరూ లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. మల్లయ్య నవ్వి, "కూసోండి చిన్నదొరా, మీకెందుకు తక్లీఫ్" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఉంటే బాగుండేది.

యాభై దాటినా లాంచీ మీంచి లాంచీ మీదికి దూకేవాడు. ఒకసారి ఖర్జూరం బస్తాలు తీయించి, అడుగు చెక్కలను బెత్తంతో కొట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. లాంచీ సరంగు కత్తి దూశాడు. మల్లయ్య వాడి మణికట్టు పట్టుకుని, నావైపు తిరగకుండానే, "వీనికి జర చెప్పుండ్రి దొరా, ఈడ చప్పుడు బోలుగున్నదని" అన్నాడు. చెక్క కింద నల్లమందు ముద్దలు బయటపడ్డాయి. ఒడ్డున మన కూలీలు "మా మల్లన్న!" అంటూ ఈలలు వేశారు. మా తాతగారి ఊరేగింపులో జనం వంగి దండాలు పెట్టేవారు గాని, ఈలలు వేయడం నేను చూడలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత మరో ముఠా కోసం అతను నాలుగు రోజులు సముద్రం మీదికి వెళ్లాడు. ఆ సమయంలో దళంవాళ్లు లచ్చన్న అనే తాపీ కూలీని పట్టుకొచ్చారు. ఊరినుంచి తెచ్చుకున్న సంచిలో గసగసాల పొట్లం ఉంది. "మటన్ల ఏసుకునేటియి సారూ, నీ కాల్మొక్త" అని ఏడ్చాడు. నాకు అలవాటైన ఉర్దూ మాటే నోటికొచ్చింది: ఖష్‌ఖాష్. మా పై అధికారి, అరబ్బు ముదీర్, రాస్తున్న కలం ఆపాడు. అరబ్బీలో ఆ మాటకు అర్థం నల్లమందు మొక్క. "ఖష్‌ఖాష్?" అని రెట్టించాడు. వంటదినుసు అని ఒక్క ముక్క కలిపితే సరిపోయేది. కానీ కేసు కాగితం మీద ఉన్నది దళనాయకుడి పేరు. రేపు తప్పుడు కేసని తేలితే పోయేది మల్లయ్య పరువు.

"నఅం, అదే" అని అవునన్నట్టు తలూపాను. లచ్చన్నను లోపల వేశారు.

లచ్చన్నను పట్టుకొచ్చిన మూడోనాడు మల్లయ్య తిరిగొచ్చాడు. పొట్లం విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

"ఇవి గసగసాలు గదా! మీకు తెల్వదా దొరా?"

"మా ఇంట్లో మగవాళ్లు వంటింటి గడప తొక్కరు."

మల్లయ్య పొట్లం మళ్లీ మడిచాడు. "అవు. మీకెట్ల తెలుస్తది" అని లేచాడు.

నేరుగా ముదీర్ గదికి వెళ్లి సెల్యూట్ కొట్టాడు. అరబ్బీ అతనికి అంతంతమాత్రం. నన్ను పక్కన నిలబెట్టుకుని, "కూరల ఏసుకునే గింజలకు మనిషిని జైల్ల పెట్టినం. దళం నాది, తప్పు నాది" అన్నాడు. లచ్చన్న ఆ పూటే బయటికొచ్చాడు. మల్లయ్యను దళం నుంచి తప్పించి, అల్ ఐన్ వెళ్లే ఎడారి దారిలో ఒక తనిఖీ గేటు దగ్గర వేశారు. వెళ్లేరోజు దళమంతా వరుసలో నిలబడింది. నేను లోపలే ఉండి ఫైళ్లు సర్దుకున్నాను. నన్ను గురించి ఎవరితోనూ ఒక్కమాట అనకుండా వెళ్లిపోయాడు.

దుబాసీ ఎదుటివాడి మాటను 'నేను' అనే చెప్పాలి, అది ఆ వృత్తి పద్ధతి. అందుకని ఆరోజు ముదీర్ ముందు "తప్పు నాది" అని అరబ్బీలో పైకి పలికింది నేనే. నా జీవితంలో ఆ మాట అన్నది ఆ ఒక్కసారే, అదీ మల్లయ్య తరఫున. దాన్ని సొంతంగా అనడానికి ఎన్నోసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ అతని గొంతే వినిపిస్తుంది, నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది.