మేనమామ త్రాసులో గెలాక్సీలు

నిన్న మా తమ్ముడి మనవరాలు కంప్యూటరు మీద ఒక గెలాక్సీని చూపించి, అందులో హైడ్రోజన్ వాయువు ఒకవైపు ఎంత ఎక్కువుందో రెప్పపాటులో లెక్కతీసి చెప్పింది. సరిచూశావా అని నేనడిగితే నవ్వింది. అనుమానం నా పుట్టుబుద్ధి. దానివల్ల నేనేం పోగొట్టుకున్నానో ఆ పిల్లకు తెలియదు.

డెబ్బైల చివర్లో నాందేడు కాలేజీలో ఫిజిక్సు చెబుతూ పీహెచ్‌డీ చేసేదాన్ని. రేడియో టెలిస్కోపు గీసిన గ్రాఫులను మా గైడు టపాలో పంపేవారు. ఒక్కో గ్రాఫులో ఎడమ సగం మనవైపు వచ్చే వాయువు, కుడి సగం దూరంగా పోయే వాయువు. వాటిని సిరాతో మందపాటి కాగితం మీదికి దించి, గీత వెంబడి కత్తిరించి, నడిమికి రెండు చేసి తూచడమే మా కొలత. బరువులో తేడా ఎంతుంటే గెలాక్సీ అంత ఒరిగినట్టు. కాలేజీ త్రాసు మరమ్మతుకు పోవడంతో, ఆదివారం రాగానే ఆ ముక్కలను రేకుడబ్బాలో పెట్టుకొని, బస్సెక్కి, కుండల్‌వాడిలో బంగారప్పని చేసే మా మేనమామ దుకాణానికి వెళ్లేదాన్ని.

ఏ గెలాక్సీని తూచినా ఎడమ సగమే బరువు. ఎక్కడెక్కడివో అన్నీ కూడబలుక్కుని ఒకే పక్కకు ఒరుగుతాయా? అలాగే రాసి పంపితే నా పరిశోధన నవ్వులపాలవుతుంది. నాకు త్రాసు మీద అనుమానం పట్టుకుంది. ముక్కలను ఆ పళ్లెంలోది ఈ పళ్లెంలోకి మార్చి తూచమంటే తేలిపోయేదే, కానీ అది నమ్మకం లేని బయటి గిరాకీలు అడిగే మాట, ఇంటివాళ్లం అడగం. అందుకని మామకు చెప్పకుండా పక్కూరు బిలోలి వెళ్లి మరో కంసాలి దగ్గర తూయించాను. అక్కడా ఎడమే బరువు.

మరుసటి ఆదివారానికి ఆ సంగతి మామ చెవిన పడనే పడింది.

"బిలోలి పోయినవట గద, బిడ్డా" అన్నాడు అంతే. తూచి, పళ్లాలు మార్చి మళ్లీ తూచి, ముక్కల అంచులను భూతద్దంతో చూశాడు. "త్రాసుల ఏం లేదు. నీ కత్తెరల ఉన్నది. ఈ పక్క సిరాగీత ముక్క మీదనే ఉన్నది, ఆ పక్క కోసుకపోయింది, సూడు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మళ్లీ జాగ్రత్తగా కత్తిరిస్తే చాలావరకు సమానమయ్యాయి. నిజంగా ఒరిగినవి నాలుగే మిగిలాయి. వాటితోనే నా పీహెచ్‌డీ పూర్తయింది.

ఇప్పుడు బంగారం కొట్లలో పళ్లాలే లేవు, అద్దం వెనక అంకెలు వెలుగుతాయి, వాటిని ఎవరూ మార్చి చూపమనరు. మామ మాత్రం ఆ ఆదివారం తర్వాత, నా బిడ్డ పట్టీలు తీసుకెళ్లినా సరే, నేను అడగకముందే పళ్లాలు మార్చి చూపించేవాడు. ఇంట్లో ఇంకెవరికీ అలా చూపలేదు. వద్దు మామా అనడానికి, ఆయన పోయేదాకా నాకు నోరు రాలేదు.