విజిళ్ళ లెక్క

కుక్కర్ పొయ్యి ఎక్కిందంటే మామగారికి కాలు ఒకచోట నిలవదు. మూత బిగించి, వెయిట్ పెట్టి, మంట సర్దిన మరుక్షణం మెట్లమీద ఉంటారు. కనిపించిన తలుపల్లా తట్టి ఒకటే ప్రశ్న వేస్తారు. "ఏమండీ, మా కుక్కర్ ఎన్ని విజిళ్ళేసిందో విన్నారా?"

రైల్లో గార్డుగా ఉద్యోగమంతా విజిల్ ఊదుతూనే గడిపిన మనిషికి ఇంట్లో విజిల్ లెక్క అందదంటే మేడలో అందరికీ నవ్వులాటే. చలికాలంలో మరీను. పొద్దున బార్లీ, మధ్యాహ్నం దుంపలు, సాయంత్రం చిక్కుడు గింజల సూప్. కుక్కర్‌కి విశ్రాంతి లేదు, మెట్లకి అసలే లేదు.

పై అంతస్తు నర్సు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని, కళ్ళు తెరవకుండానే "నాలుగండీ" అనేది. ఎదురింటి లెక్కల మాస్టారు అడక్కముందే "నాలుగు" అని తలుపేసుకునేవాడు. అయినా మామగారికి నమ్మకం కుదిరేది కాదు. కింద గదిలో ఒంటరిగా ఉండే ముసలి దర్జీ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆయన మిషను ఆపి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, "ఐదు. ఇక దించండి" అంటే అదే ఆఖరి మాట. లెక్క చూసి పెట్టినందుకు గిన్నెడు సూప్ కిందికి వెళ్ళేది.

కోడలికి తల కొట్టేసినట్టుండేది.

"ఊరందరినీ ఎందుకు మామయ్యా విసిగిస్తారు? నన్నడగొచ్చుగా."

"నువ్వు ఫోన్లో ఉంటావమ్మా. నీ లెక్క చెల్లదు."

ఆవిడ ఊరుకోలేదు. విజిల్ వెయ్యకుండా, ఉడకగానే దానంతటదే ఆగిపోయే కరెంటు కుక్కర్ తెచ్చింది. పాతదాన్ని అటకెక్కించింది. మామగారు కొత్తదాని చుట్టూ అనుమానంగా తిరిగారు.

"ఇది నోరు విప్పదా?"

"విప్పదు. మీరింక హాయిగా కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. వంటింట్లోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి కిటికీ దగ్గరికి, మళ్ళీ వంటింట్లోకి. అడగడానికి ప్రశ్న లేక మెట్లు దిగలేకపోతున్నారు. చూడలేక, సూప్ అవగానే కోడలే గిన్నె పట్టుకుని కిందికి వెళ్ళింది.

దర్జీ గిన్నె వంక చూశాడు. "ఇవాళ విజిల్ వినపడలేదేమ్మా?"

"కొత్త కుక్కర్ తాతగారూ. లెక్కపెట్టే పనే లేదు."

"పని లేనప్పుడు ఇదెందుకు తల్లీ? తీసుకెళ్ళు." మర్యాదగానే అన్నాడు. మిషను మళ్ళీ మొదలైంది.

వెనక్కి తిరగబోతూ ఆవిడ గది మూల చూసింది. స్టవ్ మీద గిన్నెలు లేవు, దారపు ఉండలున్నాయి. వాటిమీద దుమ్ము పట్టి ఉంది.

పైన మామగారు గుమ్మంలోనే ఉన్నారు. "తీసుకున్నాడా?"

"లేదు మామయ్యా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. కాలు కూడా కదపలేదు. ఆయన్ని అలా చూస్తే ఆవిడకి భయమేసింది.

"ఊరికే పెడితే ముట్టడమ్మా," అన్నారు మెల్లగా. "భార్య పోయాక పొయ్యి వెలిగించలేదు. ఆయనొక్కణ్ణే అడిగితే కనిపెట్టేస్తాడు. అందుకే అందరినీ అడిగేవాణ్ణి."

"మీకు లెక్క తెలుసా అయితే?"

"గార్డుని. నిద్రలో ఉన్నా తెలుస్తుంది."

కోడలు స్టూలు లాగి అటక మీదున్న పాత కుక్కర్ దించింది. గింజలు పోసి, నీళ్ళు పోసి, మూత బిగించింది. మంట పెట్టగానే ఆవిడకే కాలు నిలవలేదు. మూడో విజిల్ వెయ్యగానే మెట్ల దగ్గరికి పరిగెత్తింది.

"తాతగారూ, ఎన్నయ్యాయి? నేను ఫోన్లో ఉండిపోయాను."

కింద మిషను ఆగింది.

"మీ కొత్త కుక్కర్‌నే అడక్కపోయావా?"

"దానికి లెక్క రాదండీ."

కింద గొంతు సవరించుకున్న చప్పుడు. "ఐదు. దించెయ్."

కోడలు మామగారి వంక చూసింది. మూడేనని ఇద్దరికీ తెలుసు. ఆయన అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"తాతగారు ఐదంటే ఐదే. ఆపెయ్యమ్మా," అన్నారు.

మామగారు పట్టుకెళ్ళిన గిన్నె కాసేపటికి ఖాళీగా, కడిగి మరీ పైకొచ్చింది. వెంట దర్జీ కూడా వచ్చాడు.

"గింజలు పలుకు మీదున్నాయి. మూడో విజిల్‌కే కేకేశావు మరి," అన్నాడు కోడలితో. "మీ మామగారి కంగారే నీకూ వచ్చినట్టుంది. రేపటినుంచి నేను చెప్పేదాకా ఎవరూ కుక్కర్ మీద చెయ్యి వెయ్యకండి."