అవ్వ తిన్నాకే గోళీ

నేను బడిలో జీవశాస్త్రం చెప్పే మనిషిని. దయ్యాల కబుర్లు చెప్పే పిల్లల్ని బోర్డు దగ్గరకు పిలిచి, ఆ దయ్యానికి జీర్ణవ్యవస్థ గీయమని ఏడిపించేదాన్ని. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. మా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగింది.

ఇంటింటికీ సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. మా ఆయనకు మణుగూరు బొగ్గు బాయిలో ఉద్యోగం, కాలనీ క్వార్టర్‌లో కాపురం. కాలనీ గోడ దాటితే అడవే.

మా పాప శ్రావణి అప్పుడు ఒకటో తరగతి. ఓ పొద్దున లేచేసరికి కళ్లు వాచి ఉన్నాయి. తర్వాత కాళ్లు, పొట్ట కూడా వాచాయి. ఖమ్మం తీసుకెళ్తే, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, కిడ్నీ జబ్బు అని చెప్పి పిల్లల డాక్టర్ స్టెరాయిడ్ గోళీలు రాశారు.

వాపు దిగింది కానీ పిల్ల మారిపోయింది. తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్లీ ఆకలి అనేది. నిద్రపోయేది కాదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేది, నా మీదికి పళ్లెం విసిరేది. ఆ తర్వాత పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చుని ఒక్కతే మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరితోనే అంటే, అవ్వతో అంది. అక్కడ ఎవరూ లేరు.

మా అత్తమ్మ చండ్రుగొండ నుంచి వచ్చి చూసి, గోళీలు వేసినప్పటి నుంచే గిట్లయింది, ఆపెయ్ అంది. నేను ఎస్టీడీ బూత్‌కు పోయి డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఈ మందుకు కొందరు పిల్లల్లో కోపం, నిద్రలేమి, లేనివి కనిపించడం ఉంటాయని, పిల్లను తొందరగా తీసుకురమ్మని చెప్పారు. ఒక్కసారిగా ఆపితే మాత్రం ప్రాణం మీదికి వస్తుందన్నారు. నాకు ఆ మాట చాలు, గోళీలు ఆపలేదు. అత్తమ్మ మూతి ముడుచుకుంది.

ఖమ్మం బయల్దేరేలోపే, ఆ వారంలోనే మా పందిరికి తొలి చిక్కుళ్లు కాస్తే కూర చేశాను. కనిపించిందల్లా తినేస్తున్న పిల్ల ఆ కూర ముట్టలేదు. "అవ్వ ఇంకా తినలే. అవ్వ తినకముందు నేనెట్ల తింట?" అంది.

మరునాడు పొద్దున పిల్ల కళ్లు మళ్లీ ఉబ్బాయి. పెరట్లోకి పోయి చూస్తే, బండ మీద ఆకు కింద నానిపోయిన గోళీలు దొరికాయి. నా ముందు నోట్లో వేసుకుని, తర్వాత తెచ్చి అవ్వకు పెడుతోందన్నమాట. బతిమాలాను, కొట్టాను, గోళీ నీళ్లలో కలిపి ముక్కు మూసి పోశాను. కక్కేసింది. అవ్వ తినాలి అని ఒకటే మాట.

పక్క క్వార్టర్ ముత్తమ్మది. కోయవాళ్లు, పిల్లల్లేరు, మొగుడూ పెళ్లామే. నా ఏడుపు విని గోడ పక్కకొస్తే, జరిగిందంతా చెప్పాను. కొత్త చిక్కుడు పండుగ చేసి, పోయిన పెద్దలకు పెట్టేదాకా వాళ్లలో ఎవరూ చిక్కుడు ముట్టరట. మా పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుసని అడిగింది. గోడ మీంచి మీ మాటలే విని ఉంటుందన్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ముత్తమ్మ చిక్కుళ్లు ఉడికించి, ఆకులో పెట్టి, బండ దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది. ఏమీ అనలేదు. నేను పక్కనే ఉన్నాను. ఖమ్మం బస్సుకు టైమవుతోందని నాకు లోపల తొందరగా ఉంది.

శ్రావణి లేచి నా దగ్గరకొచ్చింది. "అమ్మా, అవ్వ తిన్నది. ఇగ ముత్తమ్మత్త ఇంటికి పోతదట. అత్త రమ్మన్నదట." నా చేతిలో గోళీ తీసుకుని మింగి, నాలుక చాపి చూపించింది.

ముత్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత చెప్పింది: "పిల్లను ఇడిసిపెట్టు, మా ఇంటికి రా, నీకు మేం పెట్టుకుంటం అని మనసులనే అనుకున్న టీచర్. పెదవి గుడ కదపలే."

ఖమ్మంలో డాక్టర్ పిల్లను చూసి, జబ్బు లొంగేదాకా మోతాదు తగ్గించడం కుదరదన్నారు. అదే మోతాదు వాడాం. పిల్ల మాత్రం ఆ రోజు తర్వాత బండ దగ్గర కూర్చోలేదు, ఒక్క గోళీ కూడా తప్పించలేదు. మెల్లగా తగ్గిస్తూ చివరికి మందు ఆపారు. జబ్బు నయమైంది. ఇప్పుడు అడిగితే ఏమీ గుర్తులేదంటుంది.

అవ్వ మందు వల్లే కనిపించిందన్న డాక్టర్ మాటను నేను ఒప్పుకుంటాను. ముత్తమ్మ మనసులో మాట పిల్ల నోట ఎట్లా వచ్చిందని అడిగితే, కాకతాళీయం అన్నారాయన. నా క్లాసులో నేనూ అదే చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా దయ్యం కబురు చెప్తే బోర్డు దగ్గరకు పిలవను.

ఆ ఏడాదంతా వాళ్లింట్లో ముత్తమ్మ మూడు పళ్లేలు పెట్టడం గోడ మీంచి చూశాను. మూడోది ఎవరికని నేను అడగలేదు.