తల మీద పేరు

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బొటనవేలంత ప్లాస్టిక్ వీరుల కోసం నేను ఎంత పిచ్చిగా తిరిగానో చెబితే, ఇప్పుడు నాతో పనిచేసేవాళ్లు ఎవరూ నమ్మరు. ఆ బొమ్మలకు తల, జుట్టు, మొండెం, కాళ్లు వేరువేరు ముక్కలుగా వస్తాయి. ఒకదానిలో ఒకటి టిక్కుమని బిగుస్తాయి. మెడకు చిన్న గుడ్డముక్క తగిలిస్తే ఎగిరే వీరుడు, తలకు ముసుగు తొడిగితే దొంగల్ని పట్టేవాడు. ఇది చిన్నపిల్లల ఆట కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. మేం ఆడేవాళ్లం కాదు, కూడబెట్టేవాళ్లం.

మేం అంటే నలుగురు అమ్మాయిలం. దుండిగల్ దగ్గర ఒకే కాలేజీలో చదివేవాళ్లం. ఇద్దరిది కుత్బుల్లాపూర్, మాది మేడ్చల్, నాలుగో పిల్లది లాల్‌గడి మలక్‌పేట్. వాళ్లింట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. వాళ్ల నాన్న ఎరువుల దుకాణం నడిపేవాడు. అన్న దుబాయిలో ఉండి చెల్లెలికి బొమ్మలు పంపేవాడు. ఆ పిల్లది నోరు పెద్దదే కానీ, మనసు అంతకన్నా పెద్దది. నలుగురిలో నాకు బాగా దగ్గరైంది ఆమే.

నెలకో ఆదివారం శామీర్‌పేట్ చెరువు కట్ట మీద కలిసి బొమ్మలు మార్చుకునేవాళ్లం. దానికో పద్ధతి ఉండేది. బొమ్మను చేతిలోకి తీసుకున్న మనిషి ముందు జుట్టు ఊడదీయాలి. కింద తల మీద చిన్న బొడిపె ఉంటుంది, దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో కంపెనీ పేరు. అది చూసి, అందరికీ వినబడేటట్టు "ఉన్నది" అనాలి. ఆ మాట పడ్డాకే బేరం. ఎవరైనా పేరు లేని బొమ్మ తెచ్చారా, ఆ రోజు అందరికీ మిర్చిబజ్జీలు వాళ్లే తినిపించాలి, పైగా ఏడాది పొడుగునా మా వెక్కిరింతలు పడాలి. అలా పడ్డవాళ్లలో కుత్బుల్లాపూర్ పిల్ల ఒకతి ఏడ్చింది కూడా. ఆ ఏడిపించినదాన్ని నేనే.

ఆ కంపెనీకి మేం భూమ్మీద ఉన్నట్టే తెలియదు. అయినా దాని మీద ఈగ వాలనిచ్చేవాళ్లం కాదు. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. మా కాలేజీ పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు. ఊరు అడిగితే హైదరాబాద్ అనేవాళ్లం, హైదరాబాద్‌లో ఎక్కడ అంటే నసిగేవాళ్లం. మా దగ్గర అందరికీ తెలిసిన పేరు ఏదైనా ఉందంటే అది ఆ బొమ్మ బొడిపె మీదే. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాం అనుకుంటాను.

మా బాపు కుత్బుల్లాపూర్ దగ్గర ఒక ప్లాస్టిక్ సామాన్ల కార్ఖానాలో డై ఫిట్టర్. డై అంటే ఇనుప అచ్చు. కరిగిన ప్లాస్టిక్ అందులోకి పోయి సబ్బుపెట్టెగానో, బకెట్ మూతగానో బయటికి వస్తుంది. అచ్చులోని రెండు సగాలు కలిసేచోట సామాను మీద సన్నగీత పడుతుంది. ఆ గీత చేతికి తగలకుండా ఇనుమును నునుపు చేయడం బాపు పని. మా ఇంట్లో కొత్త మగ్గు కొన్నా ముందు గోటితో అంచు గీకి చూసి, "గిది జేసినోనికి చెయ్యి తిరగలె" అని పక్కన పెట్టేవాడు. అమ్మకు ఆ మగ్గుతో నీళ్లు ముంచుకోవాలంటేనే మొహమాటంగా ఉండేది.

2013లో, నేను మూడో సంవత్సరంలో ఉండగా, బాపు ఒకరోజు పనినుంచి వస్తూనే జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టాడు. విప్పితే నాలుగు ముక్కలు. తల, వెండిరంగు జుట్టు, మొండెం, కాళ్లు. నా దగ్గరున్న ఒక యోధురాలి బొమ్మ అచ్చం అదే. పిల్లల పాలపొడి డబ్బాతో ఊరికే ఇవ్వడానికి ఎవరో ఆర్డర్ ఇచ్చారట. అసలు బొమ్మ ఒకటి ముందర పెట్టి, ఇట్లాంటిదే కావాలి, తల మీద పేరు మాత్రం వద్దు అన్నారట.

"బాపూ, గిది డూప్లికేట్. గిది దొంగతనం" అని అరిచాను.

"దొంగతనమా కాదా సేటునడుగు బిడ్డా. పనిల తప్పుంటె నన్నడుగు" అన్నాడు.

"ఊకోరాదు, దానికి పొరుగింటి పుల్లగూరనే రుచి" అని వంటింట్లోంచి అమ్మ.

బాపు నవ్వాడు. "నీ దోస్తులకు చూపెట్టు. యాడన్న తప్పు దొరికితె చెప్పు, డై మళ్ల సరిజేస్త."

దొంగతనం అన్న నా మాటలో న్యాయం లేకపోలేదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ రోజు నా కోపం న్యాయం కోసం కాదు. ఇన్నాళ్లూ చెరువు కట్ట మీద నేను తిట్టినవాళ్లలో మా బాపు కూడా చేరాడు, అదీ నా ఏడుపు.

నా దగ్గరున్న అసలు బొమ్మకు కాళ్లు వదులైపోయి చాలా రోజులైంది. నిలబెడితే పడిపోయేది. ఆదివారం పొద్దున దాని తల, జుట్టు తీసి బాపు చేసిన మొండేనికి పెట్టాను. టిక్కుమని బిగిసింది. నిలబెడితే కదలకుండా నిలబడింది. ఆ ముగ్గురూ కనిపెడతారో లేదో చూద్దాం, అంతే కదా అనుకున్నాను. బాపు చేసిన బొమ్మను ఉన్నది ఉన్నట్టు వాళ్ల ముందు పెట్టడానికి నాకు సిగ్గు అని మాత్రం నాకు నేను ఒప్పుకోలేదు.

కట్ట మీద బొమ్మ చేతులు మారింది. ముగ్గురూ జుట్టు తీసి చూశారు. ముగ్గురూ "ఉన్నది" అన్నారు. లాల్‌గడి మలక్‌పేట్ పిల్ల దాన్ని కూర్చోబెట్టింది, లేపింది, కాళ్లు వంచింది.

"అరె యార్, గింత టైట్‌గున్నది నేను యాడ చూడలె. నాకియ్యి" అంది. బదులుగా వాళ్లన్న పంపిన నీలిరెక్కల బొమ్మ నా ఒళ్లో పెట్టింది. దానికోసం ఏడాదిగా ఆమె వెంటపడుతున్నాను. చెప్పడానికి అదే సమయం. రెక్కల బొమ్మను సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను.

గడపలోనే బాపు. "ఏమన్నరు?"

"తప్పు దొరకలె."

"నేను జేసిన్నని చెప్పినవా?"

"చెప్పిన."

ఆయన ముఖం చూడలేక చెప్పులు విప్పడానికి వంగాను. ఆ పూటంతా బాపు ఆ సంగతి అమ్మకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి, "ఇంజనీరింగ్ చదివెటోల్లకే దొరకలెనట" అని కలిపి చెప్పాడు. ఆ రెక్కల బొమ్మను నేను ఒక్కసారైనా సంతోషంగా చూసుకోలేకపోయాను.

నెల తర్వాత లాల్‌గడి మలక్‌పేట్ పిల్ల నా ల్యాబ్ రికార్డు కోసం మా ఇంటికొచ్చింది. ఆ రోజు బాపుకు సెలవు. తన పెన్నుల సంచీ తెరవగానే అందులోంచి బొమ్మ బయటికొచ్చింది.

"అంకుల్, మీ బిడ్డ నాకిచ్చింది సూడుండ్రి."

బాపు నవ్వుతూ తీసుకున్నాడు. గోటితో పక్కన గీకాడు. కాళ్లు వంచి చూశాడు. తన పని తన చేతికి తెలియకుండా ఉంటుందా, ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే జుట్టు ఊడదీశాడు, తాను నునుపు చేసిన బొడిపె చూసుకుందామని.

"పేరున్నది గద అంకుల్? పక్కా ఒరిజినల్. డూప్లికేట్ మాల్ నేను చేత్తోని గూడ ముట్ట" అంది ఆ పిల్ల.

బాపు బొడిపె మీది పేరును బొటనవేలితో తడిమాడు.

"ఉన్నది" అన్నాడు.

జుట్టు మళ్లీ పెట్టి, వంకర లేకుండా సర్ది, ఆమె చేతిలో పెట్టాడు. "మంచిగ పెట్టుకో బిడ్డా" అని లోపలి గదిలోకి పోయాడు.

ఆమెను సాగనంపే వంకతో షేర్ ఆటోలు ఆగేచోటు దాకా నడిచాను. అక్కడ అంతా చెప్పేశాను. తల కంపెనీది, ఒళ్లు బాపు చేసింది, నేను మార్చాను. ఇప్పుడు తిడుతుంది, తన రెక్కల బొమ్మ అడుగుతుంది అనుకున్నాను.

"మీ బాపు ముందట నన్ను గట్ల ఎందుకు వాగనిచ్చినవే?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చిన ఆటోను పొమ్మని చెయ్యి ఊపి, నాకన్నా ముందు మా ఇంటివైపు నడిచింది. వెనక నేను దాదాపు పరుగెత్తాను.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, "మాఫ్ చెయ్యుండ్రి అంకుల్, నాకెరుకలె" అంది. బొమ్మ తల పీకి నా చేతిలో పెట్టింది. మొండేన్ని ఆయన ముందు చాపింది.

"దీనికి మీరు జేసిన తల ఉన్నదా?"

బాపు మొండేన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. "ఉండాలె బిడ్డా. నాలుగు ముక్కలు మా బిడ్డకే ఇచ్చిన" అని మొదటిసారి నా వైపు చూశాడు. "యాడ పెట్టినవ్?"

ఆయనకు కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఏ అరలోంచి తీసి ఇస్తానో అని ఇద్దరూ నా కోసం చూస్తున్నారు. మార్చిన పొద్దుననే నేను ఆ తలను, దాని వెండి జుట్టును చెత్తబుట్టలో వేశాను.

"పారేసిన బాపూ" అన్నాను.

ఆ బొమ్మ గురించి ఆయనకు నేను ఏదీ దాచకుండా చెప్పిన మొదటి మాట అదే.