కోటు జేబులో దొరికిన పేరు

మా నాన్న ఎవుస్తాకియో మొంతెమూర్రో రొక్కాస్పీనా మునిసిపాలిటీ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పుట్టుకలూ చావులూ పెళ్లిళ్లూ రాశాడు. ఊరంతా ఆయన్ని మంచివాడనేది, ఇప్పటికీ అంటుంది. నేను ఆయన కూతుర్ని కాబట్టి నాకా మొహమాటం అక్కర్లేదు. మంచివాడే. కానీ ఈ ఊళ్లో తనకు తెలియనిది లేదనుకునేవాడు. ఆ అనుకోవడం ఒక ఆడదాని బతుకు మీదికి వచ్చింది.

ఆయన గర్వానికి కారణం లేకపోలేదు. మా కొండ మీద పిల్లలకు పేర్లు తోచినట్టు పెట్టుకోరు. మొదటి కొడుక్కి తాత పేరు, అంటే తండ్రి తండ్రి పేరు. రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మొదటి కూతురికి నాన్నమ్మ పేరు, రెండోదానికి అమ్మమ్మ పేరు. తండ్రి బతికుండగా అతని పేరు కొడుక్కి పెట్టరు, పెడితే అతని చావు కోరుకున్నట్టే. తండ్రి పోయాక పుట్టిన మగబిడ్డకు మాత్రం ఆ పేరు పెట్టాల్సిందే. మా మేనత్త ఈ వరస తప్పించి, పెద్దకూతురికి ఏదో పత్రికలో చూసిన పేరు పెట్టింది. వాళ్ల అత్తగారు పదకొండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మనవరాలి చేత అడిగించేది, ఆ పిల్లనీ పేరు పెట్టి పిలవకుండా.

అందుకని ఒక ఇంటి పిల్లల పేర్లు పుట్టిన వరసలో చెబితే చాలు, వాళ్ల తాతముత్తాతలు ఎవరో నాన్న చెప్పేసేవాడు. ఒకసారి అర్జెంటీనా నుంచి ఎవరో ఉత్తరం రాశారు. మా పూర్వీకులది మీ ఊరట, ముత్తాత తండ్రి ఎవరో తెలియదు, ముత్తాత పిల్లల పేర్లు మాత్రం ఇవీ అని ఆరు పేర్లు. నాన్న వాటిని వేళ్ల మీద రెండుసార్లు తిప్పి, ఒక్క రిజిస్టరు తీసి, ఒక్క పేజీ తెరిచాడు. అదే. ఎలా తెలిసిందంటే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. జవాబు చెప్పేవాడు గానీ లెక్క చూపించేవాడు కాదు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ముసలాయనకు ఎందరు కొడుకులుంటే అన్ని ఇళ్లలోనూ పెద్దమనవడికి ఒకటే పేరు. లొరూస్సో వాళ్ల ముసలి కానియోకు ఇద్దరు కొడుకులు, రొక్కో, జెరార్దో. ఇద్దరికీ ఒకే ఏడాది మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ కానియో లొరూస్సోలే. రొక్కో గొర్రెలు కాచేవాడు కాబట్టి వాళ్లబ్బాయి గొర్రెల కానియో. జెరార్దో చెప్పులు కుట్టేవాడు, వాళ్లబ్బాయి చెప్పుల కానియో. ఊళ్లో ఎవరూ ఎప్పుడూ పొరబడలేదు. కాగితాల్లో మాత్రం గొర్రెలూ ఉండవు, చెప్పులూ ఉండవు.

ఇద్దరూ కలిసే బెల్జియం వెళ్లారు, ఒకే బొగ్గుగనిలో దిగారు, ఒకే రేకుల షెడ్డులో పడుకున్నారు. ఇద్దరికీ చదువు రాదు. అదే షెడ్డులో ఉండే మూడోవాడు ఇద్దరి ఉత్తరాలూ రాసేవాడు. వేసవిలో కలిసే సెలవు మీద వచ్చి కలిసే వెళ్లారు. వెళ్లాక ఇద్దరి భార్యలకూ నెల తప్పింది. ఆ చలికాలమంతా ఊరు నవ్వుకోవడానికి అది చాలింది.

గొర్రెల కానియో భార్య ఇంకొరొనాత. మా వీధి పిల్లే, కొత్తగా పెళ్లయింది, తొలిచూలు. చెప్పుల కానియో భార్య వించెన్సా లోయ అవతలి ఊరిది. నాలుగేళ్లప్పుడే తల్లి పోతే పెద్దమ్మ పెంచింది, పెళ్లి కూడా అక్కడే చేసి పంపింది. అప్పటికే ఒక కూతురు, నాన్నమ్మ పేరు రొసారియా పెట్టారు. ఇది రెండో కాన్పు.

ఫిబ్రవరి చివరి మంగళవారం గనిలో మంటలు లేచాయని రేడియోలో చెప్పారు. బుధవారం పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లూ మునిసిపాలిటీ మెట్ల మీదికి వచ్చారు. రెండు రోజులు కదల్లేదు. ఇంకొరొనాత గోడకు వీపు ఆనించి కడుపు పట్టుకుని కూర్చుంది. వించెన్సా ఊరికే ఉండలేదు. తలుపు తీసుకుని ఎవరు బయటికి వచ్చినా చెయ్యి పట్టుకునేది.

శుక్రవారం మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. రొక్కాస్పీనా వాళ్లు ఇద్దరు, ఇద్దరి పేరూ కానియో లొరూస్సో. ఒకరు చనిపోయారు. ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, మొహమంతా కాలింది, తెలివి లేదు. ఎవరు ఎవరో పోల్చలేకపోతున్నాం. ఉత్తరాలు రాసిపెట్టే మనిషి కూడా పోయాడు. చనిపోయిన అతని కోటు జేబులో సగం రాసిన ఉత్తరం ఉంది, సంతకం లేదు. అందులో ఒక్క మాటే పనికొచ్చేలా ఉంది: ఆడపిల్ల పుడితే తియొదోరా అని పెట్టండి, ఇది నా కోరిక. దీన్నిబట్టి ఏ కుటుంబమో మీరు తేల్చగలరా?

మేయరు ఆ కాగితం మా నాన్న చేతిలో పెట్టి, ఇది నీ పనే అన్నాడు. నేను అప్పుడు ఆ గదిలోనే టైపు కొడుతున్నాను. నాన్న చదివాడు. కూర్చోలేదు, రిజిస్టరు తియ్యలేదు. గొర్రెల కానియో తల్లి పేరు తియొదోరా. రెండేళ్ల కిందట పోయింది, శవపెట్టె మోసిన వాళ్లలో మా నాన్న ఒకడు. తొలిచూలు ఆడపిల్ల అయితే నాన్నమ్మ పేరు. ఇంకేం కావాలి? చెప్పుల కానియోకు తల్లి పేరుతో కూతురు ఉండనే ఉంది. రెండోదైతే అత్తగారి పేరు పెట్టాలి. ఏ మగాడు పరాయి దేశం నుంచి పనిగట్టుకుని అత్తగారి పేరు కోసం ఉత్తరం రాయిస్తాడు? ఇదంతా ఆయన నాకు చాలాకాలం తర్వాత చెప్పాడు. ఆ రోజు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని తలుపు తీశాడు.

బయట వించెన్సా ఆయన చొక్కా పట్టుకుంది.

"ఏదో ఒకటి చెప్పెయ్యి బాబాయ్. ఇంక నిలబడలేను."

నాన్న ఆమె చెయ్యి మెల్లగా విడిపించి, ఇంకొరొనాత వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వొకసారి లోపలికి రా."

ఒకరు పోయారు, ఒకరు బతికారన్న మాట అప్పటికే మెట్ల దాకా పాకింది. నాన్న అంతే అన్నాడు. అది చాలింది. ఇంకొరొనాత లేవబోయి మళ్లీ కూలబడింది. వించెన్సా అక్కడే మోకాళ్ల మీద పడి శిలువ గుర్తు వేసుకుంది, ఏడ్చింది, నవ్వింది, నవ్వినందుకు సిగ్గుపడి వెళ్లి ఇంకొరొనాతను కావలించుకుంది. నీ మొగుడు కాలి ఆసుపత్రిలో ఉన్నాడు గానీ బతికే ఉన్నాడని వించెన్సాతో చెప్పడం తప్ప, ఆ టెలిగ్రాంలో ఏముందో నాన్న ఎవరికీ చదివి వినిపించలేదు. చనిపోయినవాడి మాట వీధిలో పెట్టకూడదన్నాడు. ఉత్తరం వచ్చాక ఇంకొరొనాత చేతికే ఇస్తానన్నాడు. మంచి ఉద్దేశమే. ఆయన ఉద్దేశాలన్నీ మంచివే.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఆ ఇంటికి కూడు పంపడం వించెన్సా తన మీద వేసుకుంది. వారమనుకున్నది, వారం దాటినా మానలేదు. రోజూ మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు, రొట్టె, గుడ్డ కప్పి తీసుకెళ్లేది. ఇంకొరొనాత తినకపోతే పక్కన కూర్చుని చెంచాతో పెట్టేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమె నడకలో సంతోషం దాగేది కాదు. బట్టలుతికే చోట పాడేది. ఒకరోజు నాతోనే అంది, నాకు సిగ్గుగా ఉంది, ఆ పిల్ల మొహం చూసొచ్చి కూడా ఇంటికెళ్లి ఆకలిగా తింటున్నాను అని.

తొమ్మిదో రోజు ఇంకొరొనాతకు నెలలు నిండకుండానే మగపిల్లాడు పుట్టాడు. తండ్రి బతికుంటే వరస ప్రకారం రొక్కో పేరు పెట్టాలి. రొక్కోనే టోపీ చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నా పేరు వద్దు, నా కొడుకు పేరు రాయి అన్నాడు. నాన్న తన అందమైన దస్తూరీతో రాశాడు: కానియో లొరూస్సో, తండ్రి మృతుడు. ముసలాయన ఆ గీతలకేసి చూస్తూ, చక్కగా రాశావు అన్నాడు.

ఇరవై ఆరో రోజు రెండో టెలిగ్రాం వచ్చింది. ఆసుపత్రిలో మనిషి మాట్లాడాడు. తండ్రి పేరు రొక్కో అని చెప్పాడట. ఈ ఏడు ఎన్ని గొర్రెలు ఈనాయని అడిగాడట.

నాన్న దాన్ని చదివి, బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి చదివాడు.  చెప్పడానికి చర్చి ఫాదరును పంపుదామన్నాను. వద్దు, చెప్పినవాణ్ని నేను అన్నాడు. ఆయన ఒక్కడూ నడవలేడనిపించి నేను కూడా వెళ్లాను.

వించెన్సా పిండి పిసుకుతోంది. ఇంకొరొనాత కోసమే. మమ్మల్ని చూసి నవ్వి, కూర్చోమని కుర్చీ మీద పిండి దులిపింది. నాన్న కూర్చోలేదు. మొదటి టెలిగ్రాం జేబులోంచి తీసి చదవడం మొదలుపెట్టాడు, చదవాల్సిన రోజున చదవని దాన్ని. ఆడపిల్ల పుడితే తియొదోరా అని పెట్టండి అన్న చోటికి వచ్చేసరికి ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి.

"అది మా అమ్మ పేరు" అంది.

నాన్న చదవడం ఆపాడు.

"మా అత్తవాళ్లు ఒప్పుకోలేదు. ఎప్పుడో పోయిన మనిషి, మేము మొహం కూడా చూడలేదు, ఈసారి మా మేనత్త పేరు పెట్టాలన్నారు. నేను ఏడుస్తుంటే తనే అన్నాడు, నువ్వు మాట్లాడకు, అక్కడినుంచి నేను రాయిస్తాను, నా మాట కాదనరు అని." పిండిలోంచి చేతులు తీసింది. "ఇది ఎవరి జేబులో దొరికిందన్నావు?"

నాన్న చెప్పాడు. అప్పుడు ఆమె అరిచిన అరుపు నేను మళ్లీ వినలేదు, వినకూడదనే కోరుకుంటాను. తర్వాత కూర్చుని, పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని, చాలా మామూలుగా అడిగింది.

"రెండు రోజులు నీ గుమ్మంలోనే ఉన్నాను కదా బాబాయ్. మీ అమ్మ పేరేమిటని నన్ను ఒక్కమాట అడిగితే ఏమైపోయేది?"

నిజమే కదా. అంత పేర్ల లెక్క తెలిసినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. ఎలాగూ పెట్టితీరాల్సిన పేరును ఎవరూ రాసి మరీ అడగరు. గొర్రెల కానియో తన తల్లి పేరు కోసం ఉత్తరం రాయించాల్సిన పనే లేదు. పెట్టరేమో అన్న భయం ఉన్నవాడే రాయిస్తాడు. ఇది నాకు ఒక పూటలో తట్టింది. ఆయనకు అప్పటికే తట్టిందని మొహం చూస్తే తెలిసింది.

అటు ఇంకొరొనాతకు మొగుడు బతికి వచ్చినంత పనైంది గానీ ఆ సంతోషం నోట్లోకి రాలేదు. నల్లబట్టలు విప్పింది, బిడ్డ పేరు విప్పడానికి కుదరలేదు. బతికున్నవాడి పేరు తన చేత్తో కొడుక్కి పెట్టింది కదా, ఇక మొగుడు ఆసుపత్రి నుంచి ప్రాణంతో రాడని వణికిపోయింది. చర్చికి పరిగెత్తింది. మా ఆఫీసుకు వచ్చి నాన్న కాళ్లు పట్టుకుంది, ఆ కాగితం చింపెయ్యమంది. రిజిస్టరులో కాగితం చింపరు. తండ్రి మృతుడన్న మాట కొట్టెయ్యడానికే కోర్టు ఆర్డరు కావాల్సి వచ్చింది. గొర్రెల కానియో సెప్టెంబరులో ఒక కంటితో ఇంటికి వచ్చాడు. కొడుకును ఎత్తుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు, పేరు పెట్టి మాత్రం ఒక్కనాడూ పిలవలేదు.

వించెన్సా ఏప్రిల్ చివర ప్రసవించింది. మగపిల్లాడు. బాలింత అయినా పేరు రాయించడానికి తనే వచ్చింది, మామగారు జెరార్దో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నాన్న సన్నబడి చొక్కాలో ఈదుతున్నాడు. కలం పట్టుకుని, పేరు చెప్పమ్మా అన్నాడు.

"కానియో."

నాన్న కలం కింద పెట్టాడు. మళ్లీ ఒకే ఏడాది, ఒకే వీధిలో, ఇద్దరు కానియో లొరూస్సోలు. రేపు వీళ్లు పెద్దవాళ్లవుతారు, ఎక్కడికో పోతారు. ఇంకేదైనా పేరు పెట్టమని బతిమాలాడు. మీ మామగారి పేరు పెట్టు, ఏ దేవుడి పేరైనా పెట్టు, నీ కాళ్లు పట్టుకుంటానమ్మా అన్నాడు. జెరార్దో కూడా తల ఊపాడు. నేనైతే ఆమె ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"తండ్రి లేకుండా పుట్టాడు. వీడికి ఆ పేరే రావాలి, రాయి" అంది వించెన్సా. "ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరన్నాడు. పుట్టలేదు. ఇంక నాకు పుట్టేదీ లేదు."

నాన్న రాశాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, అక్షరాలు వంకరగా ఉంటాయి. సిరా మీద అద్దుడు కాగితం ఒత్తి రిజిస్టరు మూయబోతుంటే ఆమె దాని మీద చెయ్యి పెట్టింది.

"ఆ రోజు నా మొగుడు బతికే ఉన్నాడని నాకు చెప్పింది ఎవరు?"

"నేనే" అన్నాడు నాన్న.

"ఇరవై ఆరు రోజులు. మూడు పూటలా తిన్నాను. పాటలు పాడాను. ఆయన్ని అక్కడ మట్టిలో పెట్టినరోజు నేను పిల్లదానికి జడవేసి నవ్వించాను, రోజులు లెక్క చూసుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "నీకు అన్నీ రాయడం వచ్చు కదా బాబాయ్. అవి ఎక్కడ రాస్తావు?"

ఆమె బిడ్డను తీసుకుని మెట్లు దిగింది. నేను నాన్నకు కోటు తొడిగి ఇంటికి తీసుకొచ్చాను. సోమవారం ఆయన ఆఫీసుకు వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు.