అమావాస్యకు నేర్చిన సైకిల్

స్కూటీ నేర్పిస్తా రమ్మని నా కూతురు కడపలో రోజూ నా ప్రాణం తీస్తోంది. "ఈ నెల పోనీలేవే" అన్నాను మొన్న. అన్నాక నాకే నవ్వొచ్చింది. అచ్చం మా అమ్మ మాట! కాకపోతే అమ్మ నెల అనేది కాదు, పడుగు అనేది. "ఈ పడుగు దిగనీ పాపా, సూద్దాం." ఒక పడుగు నేయడం అయిపోయి మగ్గం దిగితే వెంటనే ఇంకోటి ఎక్కుతుంది. మగ్గాల వీధిలో పుట్టిన నాకు ఆ సంగతి తెలీదా?

మా ఊరు రాజంపేట దగ్గర. మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, ఉండే పల్లెకు బస్సు లేదు. నాయన సైకిల్ మీద తీసుకుపోతేనే అమ్మ పుట్టింటి మొహం చూడాలి. నాయనకేమో ఎప్పుడూ మగ్గమే. అవ్వ మంచాన పడింది, చూపు కూడా ఆనదు. మేం గడప తొక్కగానే, "ఎవరు పిల్సుకొచ్చినారు తల్లీ?" అని అడిగేది. ఒకసారి వచ్చేసేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని, "మళ్లీ ఎప్పుడొస్తావు?" అంది. అమ్మ నాయన మొహం చూసింది. నాయన చెప్పులేసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అమావాస్య రోజు మా వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. ఆ నెల అమావాస్యకు అమ్మ తలస్నానం చేసి, మగ్గానికి కుంకుమ పెట్టి, కొంగు నడుముకు బిగించి నా దగ్గరికొచ్చింది. "నీ బడి సైకిల్ తీయ్ పాపా, నేర్సుకుంటా."

"ఈ వయసులో నీకెందుకే ఇది? పడితే చెయ్యి ఇరుగుతాది" అన్నాడు నాయన.

"ఇరిగితే నాదే గదా" అంది అమ్మ.

నీళ్లు లేని చెరువులోకి పోయాం. నేను సీటు పట్టుకుని పరిగెత్తాను. అమ్మ ఒక కాలు గట్టిగా తొక్కి, అట్లాగే ఆపి కూర్చునేది. మగ్గం కింద అంతే కదా, ఒక కాలు తొక్కి పట్టి, నాడె దారం తీసుకుని అవతలికి పోయాకే రెండో కాలు తొక్కాలి. సైకిల్ ఎందుకూరుకుంటుంది? దభీమని పడింది. లేచి ఎక్కింది, మళ్లీ అదే తొక్కుడు.

"అయ్యో మా, ఈడ నాడె యాడుంది! తొక్కతానే ఉండు!" అని అరిచాను. గట్టు మీద మేకలు కాసే ఆమె, "ఏమక్కా, చెరువులో మగ్గమేస్తాండావా?" అంది. దుమ్ములో కూలబడి అమ్మ నవ్విన నవ్వు! మగ్గం మీద కూర్చున్న మా అమ్మ అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నెలకొక్క రోజే కదా, వచ్చే అమావాస్యకు సగం మర్చిపోయేది. మళ్లీ మొదటికొచ్చేది. నాకు విసుగొచ్చి కసిరేదాన్ని కూడా. అమ్మకు మాత్రం విసుగు రాలేదు. చివరికి ఒక అమావాస్యకు సీటు నా చేతిలోంచి జారిపోయింది. అమ్మ ఆగలేదు. చెరువు దాటి, బండ్ల బాటెక్కి, అవ్వ పల్లె వైపే పోయింది. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను.

పొద్దు వాలేవేళకు మోకాలు గీరుకుపోయి తిరిగొచ్చింది. వాకిట్లోనే నిలబడి చెప్పింది. అవ్వ ఎప్పటిలాగే "ఎవరు పిల్సుకొచ్చినారు తల్లీ?" అని అడిగిందట. "ఎవరూ లేరుమా, నేనే వచ్చినా" అందట అమ్మ. అవ్వ కాసేపు ఆమె చెయ్యి తడుముతూ ఉండి, "అట్లయితే రేపు గూడా రా" అందట.

తెల్లారింది. మగ్గం మీద పడుగు సగంలో ఉంది. అమ్మ నా సైకిల్ బయటికి తీస్తోంది.

"యాడికే?" అన్నాడు నాయన.

"మా అమ్మకాడికి. పడుగు యాడికీ పోదులే."

ఆ రోజు నేను బడికి నడిచి పోయాను. అవ్వ ఉన్నన్నాళ్లూ నడిచే పోయాను.