అత్తగారికిచ్చిన వాయనం

మావగారు పోయిన మూడేళ్లకు మా అత్తగారికి ఆ సంగతి గుర్తు లేకుండా పోయింది. నేనెవరో కూడా గుర్తు లేదు. "ఎవరమ్మాయివమ్మా నువ్వు? మంచి పనిమంతురాలివే" అని రోజుకోసారి మెచ్చుకునేది. కాపరానికొచ్చిన పన్నెండేళ్లలో ఆవిడ నోట ఆ మాట ఒక్కసారీ వినలేదు కాబట్టి, నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉండేది.

పొద్దు వాలేసరికి మాత్రం వీధరుగు మీద కూర్చుని, "ఆయన బాపట్ల నుంచి ఇంకా రాలేదేంటమ్మా?" అనేది. మావగారు ఉన్న రోజుల్లో వరి విత్తనాల కోసం తెనాలి నుంచి బాపట్ల తరచూ వెళ్లేవారు. "బండి లేటంట అత్తయ్యా" అనేదాన్ని. "ఈ బండ్లెప్పుడూ ఇంతే" అని లేచి లోపలికొచ్చి అన్నం తినేది.

నిజం ఒకసారి చెప్పి చూశాం. ఆ ఏడు ఉగాదికి రేపల్లె నుంచి వచ్చిన మా ఆడపడుచు, "అమ్మకి అబద్ధాలు చెబుతావేంటి" అని నన్ను కసిరి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేసింది. అప్పుడే కబురొచ్చినట్టు ఆవిడ గుండెలు బాదుకుంది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజుకు ఎందుకేడ్చిందో మరిచిపోయింది గాని, కళ్లు తుడుచుకోవడం మాత్రం చాలా రోజులు మానలేదు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఆడపడుచు మళ్లీ వచ్చింది. పూజయ్యాక, నానబెట్టిన శనగలు, అరటిపళ్లు, రవికెల గుడ్డలు పళ్లెంలో సర్దుకుని, పేరంటాళ్లకు వాయనాలిద్దామని సావిట్లోకి వచ్చాను. చాప మీద వరసలో చివరన మా అత్తగారు కూర్చుని ఉంది. పూజ దగ్గరి కుంకుమతో నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంది. నా గాజుల పెట్టె తీసి రెండు చేతులకూ ఎర్రగాజులు వేసుకుంది. కొంగు చాపి తన వంతు కోసం చూస్తోంది.

పేరంటాళ్ల కబుర్లు ఆగిపోయాయి. భర్త పోయినవాళ్లకు వాయనం ఇవ్వరు. ఇస్తే ఇచ్చినదాని పసుపుకుంకుమలకే చేటంటారు.

ఆడపడుచు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "అమ్మకి నాన్న సంగతి చెప్పి లేపేద్దాం. నీ మంచికే అంటున్నా. మా తమ్ముడి కోసం చేసుకుంటున్న వ్రతం ఇది" అంది.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ భయం మీదే కోపమొచ్చింది. "మీ తమ్ముడు ఆవిడ కడుపున పుట్టినవాడే కదండీ వదినగారూ. తల్లి దీవిస్తే కొడుక్కి చెడు జరుగుతుందా?" అన్నాను.

అందరికీ ఇచ్చి, చివరికి అత్తగారి ముందు కూర్చున్నాను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం." గొంతు కొంచెం కూడా తడబడలేదు.

"నా వాయనం అందుకున్నదెవరు?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. పొద్దున తన పేరు తనకే తట్టక అవస్థపడిన మనిషి. ఆవిడ మాత్రం నా కళ్లలోకి చూసి, "నేనమ్మా, వరలక్ష్మిని" అంది. వాయనం పుచ్చుకునేవాళ్లంతా చెప్పే జవాబే అది.

"కోరితి వరం."

"ఇస్తి వరం" అని నా నెత్తిన అక్షింతలు వేసి బుగ్గ నిమిరింది. ఆ చావు కబురు ఈవిడ చెవిన మళ్లీ పడకూడదని కోరుకున్నాను. నా పసుపుకుంకుమల ఊసు ఆ నిమిషాన గుర్తే రాలేదు. ఒక పేరంటాలు శనగలు చాప మీదే వదిలేసి వెళ్లిపోయింది. వెళ్తే వెళ్లింది.

అందరూ వెళ్లాక అత్తగారు అరటిపళ్లు రెండూ కొంగున ముడేసుకుంది. "ఆయనకి ఉంచుతున్నా. ఆకలితో వస్తారు" అని గుమ్మం వైపు చూసింది. "ఇంకా రాలేదేంటి?"

నేను నోరు తెరిచేలోగా ఆడపడుచు వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. ఆ గాజుల చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"బండి లేటంటమ్మా" అంది.